ఆత్మారాముడి అడ్రసు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక చిన్న మెస్సులో అప్పుడప్పుడూ భోంచేస్తుంటాను. మధ్యాహ్నం రెండు దాటాక అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హమాలీలు. పొద్దుటి నుంచీ టిక్కీలు (మిరపకాయల బస్తాలు) మోసి, ముక్కుకీ మూతికీ చుట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుకుని కూర్చుంటారు. మొన్న నా ఎదురుగా కూర్చున్న ఆయనకి యాభై దాటి ఉంటాయి. పప్పుతో ఒకసారి, గోంగూరతో ఒకసారి, పులుసుతో ఒకసారి అన్నం మారు వడ్డించుకున్నాడు. వడ్డించే కుర్రాడు నాలుగోసారి గరిటె ఎత్తేసరికి ఆయన ఎడం చెయ్యి విస్తరి మీద అడ్డంగా పడింది.

"చాలయ్యా. ఇక పెరుగెయ్యి."

మొత్తం పావుగంట పట్టిందేమో. ఆ చెయ్యి అడ్డం పెట్టమని ఆయనకి ఎవరు చెప్పారు?

కడుపు నిండింది కాబట్టి అంటాం. కానీ ఆ పావుగంటలో తిన్న అన్నంలో చాలా భాగం ఇంకా కడుపులోనే ముద్దగా ఉంది. అది చిన్నపేగులోకి దిగి, గ్లూకోజై, రక్తంలో కలవడానికి గంటలు పడుతుంది. అంటే సరుకు ఇంకా తూకానికి రాకముందే ఒంట్లో ఎవరో "చాలు" అనేశారు. యార్డులో కొనుగోలుదారు టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, విరిచి, లాటు మొత్తానికీ ధర చెప్పేస్తాడు చూడండి, అలాంటి పనే ఇదీ. ఆ గుప్పెడు ఎవరు తీస్తున్నారు, ఎక్కడ తీస్తున్నారు అన్నది తేల్చడానికి శాస్త్రవేత్తలకి నూరేళ్ల పైనే పట్టింది. ఇంకా పూర్తిగా తేలలేదు కూడా.

ఆత్మారాముడు గోల పెడుతున్నాడు అంటాం. నాలుగు ముద్దలు పడ్డాక శాంతించాడు అంటాం. ఎవరయ్యా ఆ ఆత్మారాముడు అంటే పొట్ట నిమిరి చూపిస్తాం. శాస్త్రవేత్తలు కూడా మొదట అక్కడే వెతికారు. 1912లో అమెరికాలో హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ తన శిష్యుడు వాష్‌బర్న్ చేత రబ్బరు బుడగ మింగించాడు. బుడగకి సన్నటి గొట్టం తగిలించి ఉంది. కడుపు ముడుచుకున్నప్పుడల్లా గొట్టంలో ఒత్తిడి పెరిగి బయట గీత పైకి లేస్తుంది. ఆకలి పొడుచుకొచ్చినప్పుడల్లా వాష్‌బర్న్ ఒక మీట నొక్కాలి. చూస్తే, గీత లేచినప్పుడే మీట కూడా పడుతోంది. అయితే ఆకలంటే కడుపు ముడుచుకోవడమే అని రాసేశారు.

ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. జబ్బు చేసి కడుపు మొత్తం తీసేసిన రోగులున్నారు. వాళ్లకీ ఆకలి వేస్తోంది. ముడుచుకోవడానికి సంచే లేనప్పుడు ఆకలి ఎక్కణ్నుంచి వస్తున్నట్టు?

దాంతో వేట మెదడుకి ఎక్కింది. 1940లో హెథరింగ్టన్, రాన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మెదడు అడుగున, చిక్కుడు గింజంత కూడా లేని హైపోథాలమస్ అనే చోట మధ్యభాగాన్ని పాడుచేసి చూశారు. ఎలుకలు గుండ్రాళ్లలా లావెక్కిపోయాయి. పదకొండేళ్ల తర్వాత వచ్చిన రెండో ముక్క మనవాడిది. లాహోర్‌లో పుట్టిన బాల్ కృష్ణ ఆనంద్ యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేస్తూ, అదే హైపోథాలమస్‌లో పక్కభాగాన్ని రెండువైపులా పాడుచేస్తే ఎలుక తిండి పూర్తిగా మానేస్తుందని 1951లో చూపించాడు. గింజలు మూతి ముందే ఉన్నా ముట్టదు, చచ్చిపోతుంది. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. మెడిసిన్ మొదటి ఏడాది పిల్లలు ఇప్పటికీ "ఆకలి కేంద్రం పక్కన, తృప్తి కేంద్రం మధ్యన" అని బట్టీ పడుతుంటారు. పరీక్షకి బాగానే ఉంటుంది.

నిజానికి అంత చక్కగా లేదు. ఆనంద్ చూసిన ఎలుకలకే కొన్ని వారాలపాటు గొట్టంతో తిండి పట్టి బతికించగలిగితే, అవి మెల్లగా మళ్లీ తినడం నేర్చుకుంటాయని 1962లో తేలింది. పైగా ఆ చోటు గుండా వేరే ఊళ్లకి పోయే తీగలెన్నో ఉన్నాయి. కరెంటు పెట్టి కాల్చినప్పుడు అవి కూడా తెగిపోయాయి. జంక్షన్‌లో తవ్వితే ఊరంతా ఫోన్లు పనిచేయవు. అంతమాత్రాన టెలిఫోన్ ఎక్స్చేంజి ఆ గోతిలో ఉన్నట్టు కాదు. ఆనంద్ పని తప్పని నేననను, చోటు సరిగ్గానే చూపించాడు. "కేంద్రం" అన్న మాటే మనల్ని తర్వాత చాలాకాలం పక్కదారి పట్టించిందని నా అభిప్రాయం. ఒక గదిలో కూర్చుని ఒక ఆఫీసరు సంతకం పెడుతున్నట్టు ఊహించుకున్నాం.

ఇక్కడ కథలోకి అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాల ఎలుకలు వస్తాయి. చిట్టెలుకలు, మామూలు వాటికి మూడింతలు లావు. 1949లో ఒక రకం పుట్టింది, దాని లోపానికి ఓబీ అని పేరు పెట్టారు. 1960ల్లో ఇంకో రకం పుట్టింది, డీబీ. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తినడమే పని. డగ్లస్ కోల్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక మొరటు ప్రయోగం చేశాడు. రెండు ఎలుకల పక్కల చర్మం కోసి, ఒకదానితో ఒకటి కుట్టేశాడు. పుండు మానేకొద్దీ సన్నటి రక్తనాళాలు అటూ ఇటూ అల్లుకుని ఒకదాని రక్తం కొంచెం కొంచెంగా రెండోదానిలోకి పారుతుంది.

డీబీ ఎలుకని మామూలు ఎలుకకి కుట్టాడు. మామూలుది తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. లావుది ఎప్పట్లానే తింటోంది. తర్వాత డీబీని ఓబీకి కుట్టాడు. ఈసారి ఓబీ తిండి మానేసి చచ్చిపోయింది, డీబీకి చీమ కుట్టినట్టైనా లేదు. ఓబీని మామూలు ఎలుకకి కుడితే మాత్రం ఓబీ తిండి తగ్గించి సన్నబడింది, మామూలుది మామూలుగానే ఉంది.

ఇది కాసేపు కూర్చుని ఆలోచించాల్సిన లెక్క. కోల్‌మన్ ఇలా విప్పాడు: రక్తంలో "ఇక చాలు" అనే కబురు ఒకటి తిరుగుతోంది. ఓబీకి ఆ కబురు తయారు చేయడం రాదు, కానీ వినడం వచ్చు. డీబీ కబురు కుప్పలు తెప్పలుగా తయారు చేస్తుంది, కానీ దానికి చెవుడు. అందుకే దాని రక్తం పక్కవాళ్లని ఎండగట్టి చంపుతుంది, తనకి మాత్రం వినపడదు. సూదీ దారంతో తేల్చిన ఈ విషయాన్ని చాలామంది అప్పట్లో నమ్మలేదు. కబురు పేరేమిటో తెలియకుండానే ఇరవై ఏళ్లు గడిచాయి. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ఓబీ జన్యువుని పట్టుకున్నాడు. అది తయారుచేసే హార్మోన్‌కి లెప్టిన్ అని పేరు పెట్టారు. సన్నం అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసిన పేరది. ఇంతకీ అది తయారయ్యేది ఎక్కడ? మనం దండగమారి సరుకని తిట్టుకునే కొవ్వులో. నడుం చుట్టూ పేరుకున్న కొవ్వే, తానెంత ఉందో రోజూ మెదడుకి చెప్పుకుంటోంది.

మనుషుల్లోనూ ఓబీలున్నారు, చాలా అరుదుగా. 1997లో ఇంగ్లండులో పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల్ని గుర్తించారు. ఎనిమిదేళ్ల అమ్మాయి 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. వాళ్లలో లెప్టిన్ లేదు. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో ఇలాంటి లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. మేనరికాలు మనకీ కొత్త కాదు కాబట్టి ఈ మాట చెప్పి ముందుకెళ్తున్నాను. లెప్టిన్ ఇంజెక్షన్ మొదలెట్టాక అలాంటి పిల్లల ఆకలి ఇట్టే దిగివచ్చింది. అప్పటిదాకా ఆ తల్లిదండ్రులు ఎన్ని మాటలు పడి ఉంటారో ఊహించుకోవచ్చు: "పిల్లల నోరు అదుపులో పెట్టడం చేతకాదా?"

మందుల కంపెనీ ఒకటి లెప్టిన్ హక్కులకి 2 కోట్ల డాలర్లు పోసింది. అందరికీ ఇంజెక్షన్ ఇస్తే అందరూ సన్నబడతారని ఆశ. అది తీరలేదు. మామూలుగా లావున్నవాళ్ల రక్తంలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంది. మెదడు దానికి అలవాటుపడిపోయింది. ఇప్పుడు అర్థమైనంతలో లెప్టిన్ గట్టిగా మాట్లాడేది కొవ్వు తగ్గినప్పుడే. కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోతే మెదడు దాన్ని కరువు కబురుగా తీసుకుని ఆకలి పెంచేస్తుంది. డైటింగ్ చేసి పది కిలోలు తగ్గినవాళ్లు తిండి గురించే కలవరించడానికి ఇదొక కారణం.

సరే, మెస్సులో ఆయన చెయ్యి సంగతికి వద్దాం. కొవ్వు పావుగంటలో పెరగదు. కమీషన్ కొట్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. లెప్టిన్ ఆవర్జా లాంటిది, నెలల లెక్క. ఏ పూటకా పూట రాసే చిట్టా ఎక్కడుంది?

మెదడు నుంచి మెడ మీదుగా గుండె, ఊపిరితిత్తులు, కడుపు, పేగుల దాకా పోయే పొడుగాటి నాడి ఒకటుంది. పేరు వేగస్. లాటిన్‌లో దేశదిమ్మరి అని అర్థం. మెదడు నుంచి కిందికి హుకుంలు మోసుకుపోతుందని అందరూ అనుకుంటారు గానీ, దానిలోని పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకి కబుర్లు తెచ్చేవే. కొవ్వూ మాంసకృత్తులూ చిన్నపేగులోకి దిగగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ వదులుతాయి. నోరు తిరగని పేరు, సీసీకే అందాం. 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ అనే ముగ్గురు దాన్ని ఎలుకలకి ఎక్కిస్తే అవి తొందరగా తిండి ఆపేశాయి. ఈ కబురు రక్తం దారిన మెదడుకి పోతోందా, నాడి దారినా? 1981లో ఎలుకల పొట్టలో వేగస్‌ని కోసేస్తే సీసీకే పనిచేయడం ఆగిపోయింది.

నాడిని కోస్తే పైకి వచ్చేవీ కిందికి పోయేవీ రెండూ తెగుతాయి. ఏది అసలు దోషి? ఇక్కడ మన మిరపకాయ రంగంలోకి దిగుతుంది.

హంగేరీలో సెగెడ్ అనే ఊరుంది, ఎర్ర మిరపకి ఆ దేశపు గుంటూరు అనుకోండి. అక్కడి శాస్త్రవేత్త మిక్లోష్ యాంచో 1940ల్లో ఒక వింత గమనించాడు. మిరప ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్‌ని పెద్ద మోతాదులో జంతువులకి ఇస్తే మొదట విలవిల్లాడతాయి, తర్వాత ఆ మంటే తెలియకుండా పోతుంది. మంటని పట్టుకునే సన్నటి పోగులు మొద్దుబారిపోతాయి. మోతాదు ఇంకా పెంచితే ఆ పోగులే చచ్చిపోతాయి. అటూ ఇటూ పోయే తీగల్లోంచి పైకి కబురు తెచ్చే సన్నటివాటిని మాత్రమే ఏరి తీసేసే కత్తెర దొరికినట్టయింది. 1985లో అమెరికాలో రిటర్, లాడెన్‌హైమ్ ఎలుకలకి క్యాప్సైసిన్ ఇచ్చి, తర్వాత సీసీకే ఎక్కించారు. సీసీకే మునుపటిలా తిండి ఆపలేకపోయింది. "చాలు" అన్న కబురు పేగు నుంచి మెదడుకి నాడిలోని సన్నటి పోగుల మీదుగా ఎక్కుతోందని అలా ఖాయమైంది.

యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకీ, టిక్కీలు మోసేవాళ్లకీ రోజూ కళ్లూ ముక్కూ మండించేది ఈ పదార్థమే. కారం గింజల్లో ఉందనుకుంటాం గానీ, అది ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. క్యాప్సైసిన్ వచ్చి అంటుకునే గ్రాహకాన్ని, అంటే నాడి కొసన దాన్ని పట్టుకునే కొక్కేన్ని, 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి మేల్కొనే గ్రాహకమది, అందుకే కారం "మండుతుంది". ఆ పనికే జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. ఆవకాయ తింటే వేగస్ చచ్చిపోతుందేమోనని కంగారు పడకండి. ఆ ఎలుకలకి ఇంజెక్షన్‌తో ఇచ్చినది పచ్చడిలో వచ్చే మోతాదు కాదు.

సీసీకే కథలో ఇంకో మెలిక ఉంది. ఎలుక తిండికి కూర్చున్న ప్రతిసారీ సీసీకే ఇస్తే అది తక్కువ తింటుంది, కానీ ఎక్కువసార్లు తింటుంది. చిట్టాలో మిగిల్చింది ఆవర్జా లాగేసుకుంటోందన్నమాట.

గత పదిహేనేళ్లలో పరికరాలు మారిపోయాయి. కాంతి పుంజంతో ఒక్క రకం నాడీకణాలనే మేల్కొలపగలుగుతున్నారు, అవి ఎప్పుడు పలుకుతున్నాయో బతికున్న ఎలుకలోనే చూడగలుగుతున్నారు. హైపోథాలమస్‌లో ఏజీఆర్‌పీ అనే కణాలు కొన్ని వేలు ఉంటాయి. 2011లో స్కాట్ స్టర్న్‌సన్ బృందం వాటిని వెలుగుతో తట్టి లేపితే, కడుపు నిండిన ఎలుకలు కూడా నిమిషాల్లో తిండి మీద పడ్డాయి. అంటే ఆకలి మంట ఇవే. తిన్నకొద్దీ మెల్లగా చల్లారతాయని అందరి ఊహ. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాకరీ నైట్ బృందం చూసినది వేరు. ఎలుక ముందు తిండి పెట్టగానే, మొదటి గింజ నోట్లో పడకముందే, సెకన్లలో ఆ కణాలు చల్లబడ్డాయి. తిండి తీసేస్తే మళ్లీ రగిలాయి. పళ్లెం చూడగానే సగం ఆకలి తీరినట్టుంది అని మా నాయనమ్మ అంటుండేది. మాటవరసకి అంటోందనుకునేవాణ్ని.

నైట్ బృందమే 2023లో మెదడు కాండంలో, వేగస్ కబుర్లు వచ్చి దిగే చోట, రెండు రకాల కణాలని పట్టుకుంది. ఒక రకాన్ని మొదట గొట్టంతో తిండిని నేరుగా కడుపులో పోసి పరీక్షించారు. అనుకున్నట్టే మెల్లగా స్పందించాయి. అదే తిండిని ఎలుక నోటితో తింటే, కడుపు సంగతి పక్కనపెట్టి, నాలుకకి రుచి తగలగానే సెకన్లలో స్పందించాయి. వాటి పని తినే వేగాన్ని అదుపు చేయడం. రెండో రకం నిదానం. పేగుల నుంచి వచ్చే కబుర్లని నిమిషాలపాటు కూడబెట్టి, ఆకలిని చాలాసేపు అణచి ఉంచుతుంది. టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసేవాడు ఒక్కడు కాదు. నాలుక ఒకసారి, పేగు ఒకసారి, కొవ్వు ఒకసారి తీస్తున్నాయి.

ఇదంతా తెలిశాక మెస్సులో ఆయన చేసిన రెండో పని నాకు వేరుగా కనిపించింది. "చాలు" అన్నాయన పెరుగు రాగానే "దీంట్లోకి ఇంకాస్త అన్నం పెట్టు" అన్నాడు. పక్కన ఒక ఊరమిరపకాయ. 1981లో బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ దీన్ని కొలిచి చూశారు. తిన్న రుచి మీదే మోజు తగ్గుతుంది, తినని రుచి మీద తగ్గదు. పప్పూ పులుసూ అయ్యాక పెరుగు దాకా సాగే మన భోజనం ప్రతి మెట్టులోనూ నాలుకకి కొత్త దరఖాస్తు పెడుతుంది. బఫేల్లో ఇరవై గిన్నెల ముందు నిలబడ్డవాడి గతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు విజయవాడలో ఉండే మా మామయ్య సంగతి. పాతికేళ్లుగా షుగరు. ఇంట్లోవాళ్లం, డాక్టర్లం కాని డాక్టర్లం, పాతికేళ్లుగా ఆయనకి ఒకటే పాట పాడాం: నోరు కట్టుకో. ఆయన కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే ఇంజెక్షన్లు మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. డాక్టరు రాస్తే వారానికొక ఇంజెక్షన్ మొదలెట్టాడు. అన్నం తిన్నాక పేగు వదిలే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ని అనుకరించే మందులివి. అసలు హార్మోన్ ఒంట్లో రెండు నిమిషాలు కూడా నిలవదు. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషపు లాలాజలంలో దాని పోలికలున్న, ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరకడంతో ఈ దారి తెరుచుకుంది. వెగోవీలోని సెమాగ్లూటైడ్ సగానికి తగ్గడానికి వారం పడుతుంది. అది కడుపు ఖాళీ అవడాన్ని నిదానం చేస్తుంది, మెదడు కాండంలోనూ హైపోథాలమస్‌లోనూ తలుపు కొడుతుంది. పేగు రెండు నిమిషాలు చెప్పే మాటని వారం పొడుగునా చెబుతూ ఉంటుంది. వికారం, వాంతులు చాలామందికి ఉంటాయి. డాక్టరు చూపు లేకుండా వాడేది కాదు. ఆపేస్తే? సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చిందని 2022లో ఒక పెద్ద పరీక్షలో కనిపించింది. ఆవర్జా అప్పు మరిచిపోదు.

"ఆకలెలా ఉంది మామయ్యా?" అని అడిగాను పోయిన నెల.

"వెయ్యకపోవడం కాదురా. ఇదివరకు పది గంటలకే మధ్యాహ్నం కూరేమిటా అని మనసు పీకేది. ఇప్పుడసలు ఆ ఆలోచనే రావట్లేదు. ఇన్నాళ్లూ మీ అందరికీ ఇలాగే ఉండేదా?"

నాకు జవాబు తోచలేదు. లోపల్నుంచి అత్తయ్య మాత్రం కేకేసింది. ఒంటిగంటకి అన్నానికి రమ్మని రోజూ షాపుకి ఫోన్ చేసి గుర్తు చేయాల్సి వస్తోందట. వండినది బాగోలేదంటే చెప్పొచ్చుగా, ఈ ఇంజెక్షన్ మీద నెపమెందుకు అని ఆవిడ అనుమానం.